సిగ్నల్ బండ పక్కింటి కుక్క

లోకంలో కుక్కలు పోస్టుమాన్‌ను చూసి మొరుగుతాయి. నాది పోస్టాఫీసు కుక్క కాబట్టి జనాన్ని చూసి మొరిగేది. న్యాయంగా చూస్తే అందులో దాని తప్పేమీ లేదు.

అరకు నుంచి బస్సెక్కి, ఆ బస్సు వెనక్కి తిరిగే మలుపు దగ్గర దిగి, అరగంట పైకి నడిస్తే వచ్చే ఊళ్లో నేను బ్రాంచి పోస్టాఫీసు నడుపుతున్నాను. నడపడం అనేది కాస్త పెద్ద మాట. రోజుకు నాలుగు గంటలు ఒక బల్ల, ఒక ముద్ర, అరచేతిలో పట్టే ఒక మెషీన్‌ను ముందు పెట్టుకుని కూర్చుంటాను. బీఎస్సీలో భౌతికశాస్త్రం చదివాను. సెల్ టవర్ తరంగాలు కొండను తొలుచుకుని రావు అన్న ఒక్క ముక్క తప్ప, దాంట్లో ఇక్కడ పనికొచ్చింది ఏదీ లేదు.

ఆ ముక్క మాత్రం రోజూ పనికొస్తుంది. ఊరు మొత్తం మీద సిగ్నల్ వచ్చేది ఒక్క బండ మీదే. ఏనుగు పడుకున్నట్టుండే నల్లటి బండ. దాని వీపు మీద నిలబడితే ఫోన్‌లో మూడు గీతలు కనబడతాయి, పక్కకు జరిగితే ఒకటి, దిగితే ఏమీ ఉండవు. నా మెషీన్‌కూ సిగ్నల్ కావాలి కనుక ఊరివాళ్లు బండను ఆనుకుని ఉన్న ఇల్లు నాకు అద్దెకిచ్చారు. బండ ఎక్కే దారి ఒకటే, అది మా గుమ్మం ముందు నుంచి పోతుంది. ఆ ఇల్లు చూపించినప్పుడు ఎంత సౌకర్యం అనుకున్నాను. అప్పటికి కుక్క ఇంకా రాలేదు.

కుక్కను పంపింది మా అమ్మ. ఉద్యోగం వచ్చిందనగానే "ఒంటరి గుంటవి, ఆ కొండల్లో తోడెవులే?" అంది. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. మా ఇంటి వెనక కట్టెల మోపు కింద పుట్టిన మామూలు గోధుమరంగు కుక్క అది. దానికి రెండే పనులు వచ్చు. రెండోది నిద్ర.

మొదటిదాన్ని అది ఫోన్ మాట్లాడేవాళ్ల కోసం దాచిపెట్టేది. మామూలుగా నడిచిపోయే మనిషిని ఒకసారి చూసి, తోక కదిపీ కదపనట్టు వదిలేసేది. అదే మనిషి బండ ఎక్కి, చెవికి చెయ్యి ఆనించి, ఎదురుగా ఎవరూ లేకుండా గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టాడా, ఇక అయిపోయిందే. మాట ఆగేదాకా మొరిగేది. నేను దాని వైపు నుంచి ఆలోచించి చూశాను. కొండ మీద నిలబడి గాలిని "ఏటి, తిన్నావా?" అని అడిగే మనిషిని అనుమానించడం తెలివితక్కువ పని అని నేననలేను.

ఊళ్లో ఎక్కువమంది సర్దుకున్నారు. సర్దుకోలేకపోయింది మా పక్కింటి అక్క. ఒకే గోడకు అటు ఆమె, ఇటు నేను. వాళ్లాయన కాఫీ తోట, అల్లం మళ్లు చూసుకునేవాడు. ఫోన్ వ్యవహారాలన్నీ ఆమె శాఖ. వాళ్ల ఒక్కగానొక్క అమ్మాయి విశాఖపట్నంలో నర్సింగ్ మొదటి సంవత్సరంలో చేరింది. ఊరి నుంచి అంత దూరం చదువుకు వెళ్లిన మొదటి పిల్ల. హాస్టల్‌లో ఫోన్లు తీసి దాచేస్తారు, సాయంత్రం అయిదున్నర నుంచి ఆరు దాకా చేతికిస్తారు. ఆ అరగంట కోసం అక్క నాట్ల మధ్యలోంచి లేచి, కాళ్లకు బురదతోనే వచ్చి, వానలో గొడుగు పట్టుకుని బండ ఎక్కేది. గొడుగు మా కుక్క అనుమానాన్ని ఇంకా పెంచింది.

ఆ పిల్ల వచ్చేస్తానంటోంది. చదువు వద్దు, ఇంటికొచ్చేస్తానని ఏడుస్తోంది. అంతవరకు అక్కకు అర్థమైంది. ఎందుకన్నది అర్థం కాలేదు.

"సగం మాట దూరం తినేత్తది, మిగిలిన సగం నీ కుక్క తినేత్తది," అంది ఒకరోజు బండ దిగుతూ. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు సులువుగా ఉండేది.

నేను చదువుకున్నదాన్ని కాబట్టి ఒక పద్ధతి ప్రకారం ప్రయత్నాలు మొదలుపెట్టాను. మొదట "ఊరుకో" అని అరిచాను. అక్క ఫోన్ చెవి నుంచి తీసి, "కుక్కది కొంత, నీది కొంత, మా గుంటది ఏటీ నేదు," అంది. తర్వాత దాన్ని లోపల పెట్టి తలుపేశాను. రేకుల ఇంట్లో శబ్దం ఎన్ని రెట్లవుతుందో నేను చదివిన పాఠమే, పరీక్ష రాశాక మరిచిపోయాను. తర్వాత మొరిగినప్పుడల్లా నోట్లో బిస్కెట్ పెట్టాను. రెండు రోజుల్లో దానికి ఒక విషయం స్పష్టమైంది: మనిషి బండెక్కితే మొరగాలి, మొరిగితే బిస్కెట్ వస్తుంది. దాని నడవడిలో కొత్త ఉత్సాహం వచ్చింది.

చివరికి శుక్రవారం అరకు సంతలో ఒక గొలుసు కొన్నాను. శనివారం పొద్దున్నే కుక్కను పెరటి గుంజకు, బండ కనబడని వైపు కట్టేశాను.

ఫలితం అద్భుతంగా ఉంది. ఆ సాయంత్రం బండ ఎవరూ ఎక్కలేదు. ఆదివారం కూడా. సోమ, మంగళవారాల్లో పోస్టాఫీసుకు ఒక్క మనిషి రాలేదు. నాట్ల రోజులు కదా, ఊరంతా పొలాల్లో ఉంది అనుకున్నాను. నీళ్లకు వెళ్లే ఆడవాళ్లు మా గుమ్మం ముందు దారి వదిలేసి, ముళ్ల పొదల వెనక నుంచి చుట్టూ తిరిగి పోతున్నారని మాత్రం గమనించాను. అటు ఏదో ఆకుకూర మొలిచి ఉంటుందనుకున్నాను.

బుధవారం పొద్దున కబురొచ్చింది, ఊరి మధ్య పలకరాళ్లు పరిచిన చోటికి రమ్మని. వెళ్లేసరికి ప్రతి ఇంటి నుంచి ఒకరు కూర్చుని ఉన్నారు. నడిమి రాయి మీద ఊరిపెద్ద. డెబ్బై దాటిన మనిషి, అందరితో పాటు నేనూ తాతా అనే పిలుస్తాను.

"పోస్టు గుంటా, ఎప్పటి నుంచి?" అన్నాడు తాత.

"ఏంటి తాతా?"

"కుక్కకి పిచ్చి."

నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. ఈ ఊళ్లో మంచి కుక్కను ఎవరూ కట్టరు. పిచ్చికుక్క కరిచిన కుక్కనే కడతారు, కట్టి పది రోజులు దూరం నుంచి చూస్తారు. నాలుగు రోజులుగా ఊరంతా నా కుక్కను, బహుశా నన్ను కూడా, దూరం నుంచి చూస్తోంది.

"పిచ్చేం లేదు తాతా. మొరక్కుండా ఉంటుందని కట్టాను."

"కట్టేత్తే మొరగదని ఎవులు సెప్పారు?"

ఫోన్‌లో చదివానని చెప్పలేదు. వాళ్లలో ఒక అవ్వ, నోట్లో చుట్ట తీయకుండా మాట్లాడగలిగే మనిషి, "కుక్కనొగ్గేసి మేడమ్‌ని కట్టాల్సింది. ఈమె తక్కువరుత్తదా?" అంది. అందరూ నవ్వారు. పక్కింటి అక్క నవ్వలేదు.

ఆమె లేచి నిలబడింది. పిచ్చికుక్క ఉందని భయపడి ఆమె కూడా మూడు రోజులు బండ వైపు రాలేదు. మంగళవారం మాత్రం ఆగలేక, బస్సు మలుపు దాకా పరిగెత్తుకుంటూ దిగింది. అక్కడా ఒక గీత సిగ్నల్ వస్తుంది. చేరేసరికి ఆరు కావస్తోంది. పిల్ల నాలుగు ముక్కలు చెప్పింది: మూడు రోజుల నుంచి చేస్తున్నాను, నీ ఫోన్ కలవడం లేదు, రేపు ఎల్లుండి పరీక్షలు కాబట్టి ఫోన్లివ్వరు, శనివారం బస్సుకు పెట్టె తీసుకుని వచ్చేస్తున్నాను. అంతటితో ఫోన్ తీసేసుకున్నారు.

"కుక్కని ఎల్లగొట్టమని నేననను. దాని నోరు దానిది," అంది అక్క. "శుక్రారం నాడు గుంట ఫోన్ సేత్తది. అదే ఆకరు. ఎందుకొచ్చేత్తానంటందో ఆ రోజు నాకు ఇనబడాల. ఇనబడితే నేను సెప్పవలసింది సెప్తాను. ఆపైన దాని ఇష్టం."

నేను లేచి, కుక్కను మా ఊరికి పంపేస్తానన్నాను. ఆ మాట అనడానికి నాకు ఎంత కష్టమైందో ఇక్కడ రాయను. పెద్ద పొడుగు వాక్యం కాదు, కానీ రెండుసార్లు మధ్యలో ఆగాను.

తాత ఆ మాట విననట్టే, "అది ఎవులింట తింటాది?" అని అడిగాడు.

"మా ఇంట్లోనే."

"ఇంకెక్కడా తినదా?"

"లేదు తాతా. అలవాటు చెయ్యలేదు."

"ఆమే ఎవులింటా మెతుకు ముట్టదు," అంది చుట్ట అవ్వ. "కుక్కెలా ముడతాది?"

అందరూ నేల వైపు చూస్తున్నారు, ఒకరు అనకూడని మాట అనేసినప్పుడు మిగతావాళ్లు చూసినట్టు. అది ఎనిమిది నెలలుగా ప్రతి ఇంట్లో ఉన్న మాట అని అప్పుడు తెలిసింది.

నేను వచ్చిన మొదటి వారంలో ప్రతి గడపా పిలిచింది. "చోడి అంబలి తాగుతావా?" అని అడిగారు, అంటే రాగి జావ. "వద్దండీ, ఇప్పుడే తిన్నాను" అన్నాను, ప్రతి గడపలోనూ. మా మైదానం వైపు ఈ మాటకు వద్దు అని అర్థం కాదు. అది సంభాషణకు ప్రారంభం. ఇంటావిడ "అదేంటి, కాస్త" అనాలి. మనం "అబ్బే" అనాలి. ఆమె మూడోసారి అనాలి. అప్పుడు మనం, మీరంతగా అంటున్నారు కాబట్టి అన్న ముఖంతో కూర్చుని, రెండుసార్లు వడ్డించుకుని తినాలి. మొదటిసారికే సరేనన్న పిల్లను మా అమ్మమ్మ ఇంటికొచ్చాక తొడపాశం పెట్టేది.

ఇక్కడ ఒక్కసారే అడుగుతారు. నువ్వు వద్దంటే వద్దనే అర్థం. నీ ఆకలి గురించి నువ్వెందుకు అబద్ధం చెప్తావు? ఎనిమిది నెలలు నేను రెండో పిలుపు కోసం ఎదురుచూశాను. ఎనిమిది నెలలు వాళ్లు నా మాటను గౌరవించారు. పోస్టు గుంట మన ఇళ్లల్లో తినే రకం కాదు అని బాధపడి, పైకి అనకుండా ఊరుకున్నారు.

"తాతా, నేను వద్దన్నది వద్దని కాదు," అన్నాను.

"మరేటి?"

"ఇంకోసారి అడగమని."

తాత దీన్ని కాసేపు నమిలాడు. పక్కింటి అక్క నా వైపు తిరిగి, "మరి ఆకలేసినపుడు మీ ఊళ్లో ఏటంటారు?" అంది, నిజంగా తెలుసుకోవాలని.

"అప్పుడూ వద్దనే అంటాం అక్కా."

అవ్వ చుట్ట నోట్లోంచి తీసింది. అది నేను చూడటం అదే మొదటిసారి. "తిండి కాడ అబద్ధమాడీ జనం," అంది. "ఇంకేటి సదువుకున్నారమ్మా మీరు?"

తాత తీర్పు చెప్పాడు. ఇరవై రెండు గడపలు ఉన్నాయి. కుక్క ప్రతి గడపలోనూ ఆ ఇంటివాళ్ల చేతి ముద్ద తినాలి. దాన్ని పెంచే మనిషి కూడా తినాలి. "సెయ్యి వాసన తెలిసిన మనిసి మీద కుక్క నోరు సెయ్యదు," అన్నాడు. "మనిసి కూడా అంతే. బేగి మొదలెట్టండి, శుక్రారం ఎంతో దూరం నేదు."

గొలుసు విప్పి, బుధవారం మధ్యాహ్నం మొదటి గడప ఎక్కాం. అది పక్కింటి అక్కదే. నాకు ఆకు దొన్నెలో అంబలి పోసింది, కుక్కకు సామల అన్నం ముద్ద చేత్తో పెట్టింది. కుక్క ముద్దను వాసన చూసింది, చేతిని వాసన చూసింది, తిన్నాక మళ్లీ చేతినే చూసింది. అంబలి పులుపుగా, చల్లగా ఉంది. ఎనిమిది నెలల ఆలస్యం దాని రుచికి ఏమీ చెయ్యలేదు. రెండో ఇంట్లో లేత వెదురు కొమ్ముల కూర, మూడో ఇంట్లో పనసగింజలు. నాలుగో ఇంటికి కుక్క నాకంటే ముందే వెళ్లి కూర్చుంది.

పదకొండో ఇంటి దగ్గర నాకు నిజంగానే ఇక పట్టలేదు. "వద్దమ్మా, నిజంగా వద్దు," అన్నాను. ఆ ఇంటావిడ పొద్దున సభలో ఉన్న మనిషి. నవ్వుతూ రెండోసారి అడిగింది. మూడోసారి కూడా అడిగింది. మా పద్ధతి ఊరంతా ఒక్క పూటలో నేర్చేసుకుంది, అదీ నా పొట్ట మీద. మిగతా పదకొండు ఇళ్లు గురువారానికి వాయిదా వేయించుకోవడానికి తాత దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది.

గురువారం సాయంత్రం పరీక్ష పెట్టాం. చుట్ట అవ్వ తానే ముందుకొచ్చింది. ఆఫ్ చేసిన ఫోన్ ఒకటి చెవికి పెట్టుకుని బండెక్కి, ఎప్పుడో పోయిన మొగుణ్ని తిట్టడం మొదలుపెట్టింది. కుక్క లేచి నాలుగుసార్లు మొరిగింది. ఆమె తిట్టు ఆపకుండానే కిందికి వంగి, పొద్దున ముద్ద పెట్టిన చెయ్యి దాని ముక్కు ముందు పెట్టింది. కుక్క ఆ చేతిని చూసింది, ఆమెను చూసింది, గాలిని చూసింది. కూర్చుంది. అవ్వ ఇంకో పావుగంట మాట్లాడింది. పరీక్ష అయిపోయిందని చెప్పినా దిగలేదు, చెప్పాల్సినవి చాలా ఉండిపోయాయట.

శుక్రవారం సంత నుంచి అందరూ త్వరగానే తిరిగొచ్చారు. వాన కాస్త తెరిపిచ్చింది. అయిదున్నరకు అక్క బండెక్కింది. నేను గుమ్మంలో కూర్చున్నాను, కుక్క మెడ మీద చెయ్యి వేసి. ఫోన్ మోగింది. మాట సరిగ్గా వినబడాలని అక్క స్పీకర్ పెట్టింది. కుక్క నా చేతి కింద నుంచి లేచి, బండెక్కి, అక్క కాళ్ల దగ్గర పడుకుంది.

ఆ అమ్మాయి చెప్పడం మొదలుపెట్టింది. వార్డులో మొదటిసారి ఒక పెద్ద పుండుకు కట్టు మారుస్తుంటే చూసి, కళ్లు తిరిగి పడిపోయిందట. పడటం ఒక్కటే అయితే ఫరవాలేదు, లేచేసరికి తోటి పిల్లలు నవ్వుతున్నారట. నేను దీనికి పనికిరాను అమ్మా అంది. నెల రోజులుగా ఆ పిల్ల చెబుతున్నది ఇదే. నెల రోజులుగా అక్క జవాబుగా "బాగా తిను" అని చెబుతోంది, తిండి చాలక ఏడుస్తోందనుకుని.

అక్క ఫోన్‌ను నోటికి దగ్గరగా తెచ్చుకుంది. తర్వాత, "నేను మొట్టమొదట మేక ఈనడం సూసినపుడు పడిపోయాను," అంది.

"నువ్వా?"

"నేనే. మీ అమ్మమ్మ నన్ను కాలితో పక్కకి జరిపి మేకని సూసుకుంది. రెండోసారి గోడ పట్టుకున్నాను. మూడోసారికి పిల్లని నా సేత్తోనే లాగాను. ఇపుడు ఊళ్లో ఏ మేకకి నొప్పులొచ్చినా నన్నే పిలుత్తారు. నువ్వు ఒక్కసారి పడి వచ్చేత్తానంటావేటి? ఇంకా రెండుసార్లున్నాది."

అటువైపు ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తర్వాత ఆ అమ్మాయి, "అమ్మా, కుక్కేది?" అంది.

"ఇక్కడే తొంగుంది."

"అరవదేటి? బాగున్నాది కదా? రోజూ అది అరిత్తే నువ్వు బండెక్కినావని తెలిసేది. మన ఊరు ఇనబడినట్టుండేది."

అక్క నా వైపు చూసింది. నేను కుక్క వైపు చూశాను. "మొరుగే, పిల్ల అడుగుతంది," అని అక్క దాన్ని కాలితో కదిపింది. కుక్క తోక ఊపింది. ఇరవై రెండు గడపల అన్నం తిన్న కుక్క అది. ఇక దానికి ఆ ఊళ్లో పరాయివాళ్లు లేరు.

ఊరు మొత్తానికీ సిగ్నల్ ఇచ్చే ఏకైక బండ కింద నిలబడి, ప్రభుత్వ ముద్ర వేసే నేను మొరిగాను. మూడుసార్లు. నా దృష్టిలో బాగానే వచ్చింది.

"అమ్మా, అది కుక్క కాదు," అంది ఆ పిల్ల.

"కాదు, పోస్టు మేడమ్," అంది అక్క.

అప్పుడు ఆ అమ్మాయి నవ్వింది. పెద్ద నవ్వేమీ కాదు. కానీ అక్క ఫోన్‌ను చెవికి ఆనించుకుని, స్పీకర్ ఉందని కూడా మరిచిపోయి, అది ఆగిపోయేదాకా వింది. ఆరు కావస్తుంటే అటు నుంచి, "రేపు రాను. సూద్దాం, ఇంకా రెండుసార్లున్నాది కదా," అని వినబడింది.

అయినా శనివారం అక్క బస్సు మలుపు దాకా దిగింది. మనసు మార్చుకుని వచ్చేస్తే, పెట్టె మొయ్యడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా అంది. అంబలి కుండ కూడా తెచ్చింది. నేనూ కుక్కా తోడు వెళ్లాం. బస్సు వచ్చింది. ఎరువుల బస్తాలు దిగాయి, ఇద్దరు ముసలివాళ్లు దిగారు, ఒక కోడిపుంజు దిగింది. ఇంకెవరూ దిగలేదు. అక్క మెట్ల దగ్గరికి వెళ్లి లోపలికి తొంగి చూసింది, వెనక సీటు దాకా. తర్వాత కుండ మీద మూత తీసింది, ఇక తాగడానికి తీరికైనట్టు.

బస్సు తిప్పుకునేదాకా కండక్టర్ కిందే నిలబడ్డాడు. కొత్తగా వచ్చిన మనిషి, మైదానం వైపు వాడే. కుక్క అతన్ని చూసి ఒకసారి గుర్రుమంది.

"అంబలి తాగుతావా బాబూ?" అంది అక్క.

"వద్దమ్మా, ఇప్పుడే తిన్నాను," అన్నాడతను, కుండ వైపు చూస్తూ.

అక్క సరేనని మూత పెట్టబోయింది.

"అక్కా," అన్నాను, "ఇంకోసారి అడుగు."